సగం విప్పిన ప్లగ్గు

నర్సీపట్నంలో కృష్ణదేవిపేట వెళ్ళే రోడ్డు మీద నాకొక చిన్న మెకానిక్ షెడ్డు ఉంది. పొలాలకు మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలు, ఎవరో ఒకరు పారేయడానికి మనసొప్పక దాచుకున్న పాత మోపెడ్లు నా దగ్గరికి వస్తుంటాయి. అన్నీ టూ స్ట్రోక్ ఇంజన్లే. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తే నడిచేవి. ఐటీఐ అయిన దగ్గర్నుంచి ఇదే పని నాది.

పడవ మోటారు మాత్రం ఆ రోజు వరకూ నేను విప్పలేదు. మాది సముద్రం ఒడ్డు కాదు. తాండవ రిజర్వాయరులో చేపలు పట్టేవాళ్ళు తెడ్డేసుకునే వెళ్తారు. మోటారు పెట్టుకున్నవాడు నాకు తెలిసి ఒక్కడే. వాడు ఒక వేసవి పొద్దున షేర్ ఆటో దిగి, మోటారును భుజాన మోసుకుంటూ నా షెడ్డులోకి వచ్చాడు. పొడుగాటి మనిషి, ముప్పై దాటి ఉంటాయి. అంతకుముందు మందు కొట్టే స్ప్రేయరు పట్టుకుని రెండు మూడు సార్లు వచ్చాడు కాబట్టి ముఖం గుర్తే.

"గురువుగారూ, దీన్ని సూడగలరా?" అన్నాడు.

సముద్రం ఒడ్డున పూడిమడక వైపు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండులో కొన్నాడట. వాళ్ళ నాన్న, తనూ కలిసి తెడ్డేసేవాళ్ళు. ముసలాయనకి భుజం పట్టేసింది. ఒక్కడి వల్ల అంత నీళ్ళు దాటడం కావడం లేదని ఇది తెచ్చుకున్నాడు. "మా నాన్న ఇప్పుడు రాజులాగ ముందల కూకుంటాడు, నాను ఎనకాల మోటారు తిప్పుతాను" అని నవ్వాడు.

మోటారు చక్కగా స్టార్టవుతుంది. వల వదిలేటప్పుడు నెమ్మదిగా పోనిస్తారు కదా, అలా కాసేపు పోనిచ్చాక దగ్గి దగ్గి ఆగిపోతుంది. పొగ కూడా ఎక్కువ. అదీ వాడు చెప్పిన రోగం.

షెడ్డు వెనక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. దాన్ని నీళ్ళతో నింపి, ఒక చెక్క స్టాండుకి మోటారు బిగించి, ఫ్యాను నీళ్ళలో మునిగేలా పెట్టి తాడు లాగాను. వెంటనే అందుకుంది. పక్కనున్న చిన్న బెజ్జంలోంచి నీళ్ళ ధార వచ్చింది కాబట్టి చల్లదనానికి లోటు లేదు. నెమ్మది చేశాను. కాసేపటికి వాడు చెప్పినట్టే దగ్గడం మొదలుపెట్టింది.

ముందు పెట్రోలు ట్యాంకు మూత మీదున్న గాలి మర వదులు చేశాను. అది మూసి ఉంటే లోపలికి గాలి అందక పెట్రోలు రాదు. తేడా లేదు. పైపు మధ్యలో ఉన్న రబ్బరు బుడగని నొక్కుతూ చూశాను. పెట్రోలు అందకపోవడమే అయితే అలా నొక్కినప్పుడు ఇంజను పుంజుకోవాలి. పుంజుకోలేదు. అప్పుడు ప్లగ్గు విప్పాను. నల్లగా, జిగురుగా, తారులో ముంచినట్టు ఉంది.

"ఆయిలెంత కలుపుతున్నావు?"

"మీరు స్ప్రేయరుకి సెప్పిన లెక్కే గురువుగారూ. మూతతో కొలిసి."

ఆ లెక్కకి ప్లగ్గు ఇంత నల్లబడకూడదు. కానీ పాత మోటారు, పాత ప్లగ్గు, పొద్దస్తమానం నెమ్మదిగా నడపడం, ఈ మూడూ కలిస్తే అలా అవ్వచ్చుననిపించింది. కొత్త ప్లగ్గు వేసి, కార్బొరేటరు కడిగి, వల వదిలాక కొంచెంసేపు గట్టిగా పోనిమ్మని చెప్పాను. అలా చేస్తే ప్లగ్గు మీది మసి కాలిపోతుంది.

వాడు వెళ్ళబోతూ ఆగాడు. "నీళ్ళ మద్దిలో ఆగిపోతే నానేటి సెయ్యాలి? అక్కడ మీరుండరు కదా."

కూర్చోబెట్టి వరసగా చూపించాను. ముందు ట్యాంకు మూత మీది గాలి మర. తర్వాత రబ్బరు బుడగ గట్టిపడేదాకా నొక్కడం. అప్పటికీ అందుకోకపోతే పైన డొప్ప తీసి, ప్లగ్గు వైరు లాగి, ప్లగ్గు విప్పి తుడిచి మళ్ళీ బిగించడం. ఈ మోటారుకి ప్లగ్గు వెనక వైపు ఉంటుంది, అంటే పడవ వైపు కాకుండా నీళ్ళ వైపు. అందుకోవాలంటే మోటారు మీదుగా వంగాలి. పానా ఒకటి ఇచ్చి రెండుసార్లు చేయించాను. బేగి నేర్చుకున్నాడు.

టీ తెప్పించాను. టీ తాగుతూ, ఒకప్పుడు మందు బాగా తాగేవాణ్ణని తనే చెప్పాడు. పెద్ద కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక భార్య మీద ఒట్టేసి మానేశాడట. "ఇప్పుడు టీ ఒక్కటే గురువుగారూ, అదీ మా ఆవిడ పెడితేనే రుసి" అని గ్లాసు పక్కన పెట్టాడు. సగం మిగిల్చేశాడు కూడా.

వానలు మొదలైన కొద్ది రోజులకి, స్ప్రేయరు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక రైతు మాటల్లో చెప్పాడు. రిజర్వాయరులో మోటారు పడవ వాడు పోయాడట. సాయంత్రం గాలి లేచింది. పడవ ఒక్కటే కొట్టుకుపోయి అవతలి గట్టున తుప్పల్లో చిక్కుకుంది. మనిషి మర్నాడు దొరికాడు. ఆ రోజు ముసలాయనకి జ్వరం, అందుకని ఒక్కడే వెళ్ళాడు.

"ఈత రాదా?" అని అడిగాను.

"రాకేటి? తాగేసి ఎల్లుంటాడు. అందరూ అదే అనుకుంతన్నారు."

విప్పిన స్ప్రేయరుని విప్పినట్టే వదిలేసి, ఆ రైతుని సాయంత్రం రమ్మని పంపేశాను.

పెద్దకర్మ అయిన తర్వాత ఒక మధ్యాహ్నం షెడ్డు ముందు ఆటో ఆగింది. ముసలాయన దిగాడు. ఆయన వెనక కోడలు. ఇద్దరూ కలిసి పాత చీరలో చుట్టిన మోటారుని దింపుతుంటే నేనూ వెళ్ళి ఒక చెయ్యి వేశాను. తగిలించిన పైపు తీయకుండా పెట్రోలు ట్యాంకు కూడా తెచ్చారు, డొప్ప మాత్రం వేరే సంచిలో ఉంది.

ముసలాయన బల్ల మీద కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు. తర్వాత అన్నాడు. "నా కొడుకు తాగేసి పడిపోనాడంటన్నారు బాబూ. ఆడు తాగడం మానీసి శానా కాలమైంది. నాను ఎవులికి సెప్పినా, కొడుకు కాబట్టి అలాగే అంటావంటన్నారు. మోటారుకేటైందో మీరు సూసి సెప్పండి. దాని తప్పుంటే దాని తప్పని సెప్పండి. ఆడి తప్పుంటే అదే సెప్పండి."

కోడలు గుమ్మం పక్కన నేల మీద కూర్చుంది. ఆవిడ నా వంక చూడలేదు, మోటారు వంకే చూస్తోంది.

"పెద్దయ్యా, దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"లేదు బాబూ. గట్టున పడవ దొరికినాక నానే ఇప్పినాను. ఎవుల్నీ సెయ్యెయ్యనివ్వలేదు."

"డొప్ప విడిగా ఎందుకుంది?"

"అది అలాగే పడవలో పడుంది. మోటారుకి లేదు."

మోటారుని స్టాండుకి బిగించాను. ట్యాంకు ఊపి చూశాను. పెట్రోలు సగానికి పైగా ఉంది. మూత మీది గాలి మర పూర్తిగా తిప్పి తెరిచి ఉంది. రబ్బరు బుడగ నొక్కితే గట్టిగానే ఉంది, లోపల పెట్రోలు నిండి ఉంది. ప్లగ్గు వైరు ఊడదీసి ఉంది, పక్కకి వేలాడుతోంది. వెనక్కి వెళ్ళి ప్లగ్గు మీద వేళ్ళు వేశాను.

పానా అవసరం లేకుండానే తిరిగింది. బిగుతు వదిలి, రెండు మూడు మరలు బయటికి వచ్చి, అక్కడ ఆగి ఉంది.

నా చెయ్యి దాని మీదే ఉండిపోయింది. నేను ఏ వరసలో చెప్పానో ఆ వరసలోనే ఉన్నాయి అన్నీ. ముందు గాలి మర. తర్వాత బుడగ. తర్వాత డొప్ప తీయడం, వైరు లాగడం. చివరిది మధ్యలో ఆగిపోయింది.

"పెద్దయ్యా, పడవలో ప్లగ్గు పానా దొరికిందా? ఇంత పొడుగుంటుంది, గొట్టంలాగ."

"నేదు బాబూ. తెడ్డుంది, వలుంది, అన్నం గిన్నుంది. పానా నేదు."

పానా చేతిలోనే ఉండి ఉండాలి. గాలిలో పడవ ఊగుతుంటే మోటారు మీదుగా అవతలికి వంగి ప్లగ్గు విప్పుతున్నాడు. అప్పుడు ఏ అల తగిలిందో, కాలే జారిందో. తల దేనికైనా కొట్టుకుందో ఏమో, ఈత వచ్చినా పనికిరాలేదు. అది ఏ మోటారూ చెప్పలేదు. కానీ అంతకు ముందు నిమిషం వాడేం చేస్తున్నాడో మాత్రం నా కళ్ళ ముందు ఉంది.

ముసలాయనకి ఒక్కొక్కటీ చూపించి చెప్పాను. ఆయన లేచి వచ్చి, వంగి, ఆ ప్లగ్గుని తన వేలితో ముట్టుకుని చూశాడు.

"తాగినోడు ఇలాగ సెయ్యగలడేటి?" అన్నాడు.

"తాగినవాడు తాడు పట్టుకుని లాగుతూ ఉంటాడు పెద్దయ్యా, లేకపోతే తిట్టుకుంటూ కూర్చుంటాడు. ఇంత వరస తప్పకుండా చెయ్యడు. మీవాడు తెలివిలోనే ఉన్నాడు. పని చేస్తూ పోయాడు."

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. తర్వాత బయట కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

ఇంజను ఎందుకు ఆగిందో ఇంకా చూడలేదు. ప్లగ్గు పూర్తిగా విప్పి వెలుగులోకి తెచ్చాను. ఆ వేసవిలో నేను వేసిన కొత్త ప్లగ్గే. ఒళ్ళంతా నల్లటి జిడ్డు. దాని చివర నిప్పురవ్వ ఎగరాల్సిన సందులో ఆవగింజంత మసి ముద్ద అడ్డంగా అతుక్కుపోయి ఉంది. వైరుకి తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగాను. రవ్వ రాలేదు. పిన్నీసుతో ఆ ముద్దని తీసేసి, గుడ్డతో తుడిచి మళ్ళీ లాగాను. నీలంగా టప్పున ఎగిరింది. ప్లగ్గు బెజ్జం మీద బొటనవేలు పెట్టి లాగితే గాలి వేలిని గట్టిగా తోసింది. అంటే లోపల ఇంజను ఆరోగ్యంగా ఉంది. ఆ ముద్ద తప్ప దీనికి ఏ జబ్బూ లేదు. ఇంకో నిమిషం దొరికి ఉంటే వాడే తుడుచుకుని ఇంటికి వచ్చేసేవాడు.

ట్యాంకులోంచి కొంచెం పెట్రోలు గాజు గ్లాసులో పోసి చూశాను. రంగు చిక్కగా ఉంది. వేళ్ళ మధ్య రాస్తే సాగుతోంది.

"ఆయిలెక్కువైతే ఇలాగవుద్దా అన్నయ్యా?"

అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడని మనిషి. వెనక్కి తిరిగాను. ఆవిడ లేచి నిలబడి నా చేతిలో గ్లాసు చూస్తోంది.

"ఎందుకమ్మా?"

"నానే కలిపీదాన్ని. ఆయన వల సర్దుకుంటుంటే పొద్దున్నే నానే కలిపి ఇచ్చీదాన్ని. మూత లెక్క ఆయన సెప్పినాడు. నాను ఇంకో మూత ఏసీదాన్ని. ఆయిలుంటే ఇంజను మెత్తగా ఉంటాది, పాతది కదా, అరిగిపోదనుకున్నాను. ఆయనికి తెల్దు."

బయట కుళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. లేదని చెప్పడం ఎంతో తేలిక. కానీ ఆవిడ నా ముఖంలో అప్పటికే చూసేసింది.

"అవుతుందమ్మా" అన్నాను. "కానీ అదొక్కటే కాదు. నెమ్మదిగా నడిపినా అవుతుంది. ప్లగ్గు దానంతటదే పోవడం కూడా ఉంది. మోటారు ఆగడం వల్ల మనిషి పోడమ్మా. నా దగ్గరికి వచ్చేవన్నీ ఆగిపోయిన ఇంజన్లే. ఆగితే తుడుచుకుని వెళ్ళిపోతారు. ఆ గాలి రాకపోయి ఉంటే ఆయనా వచ్చేసేవాడు."

"గాలి రాకపోతే" అంది ఆవిడ. తర్వాత, "మావకి సెప్పకండి" అంది. ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ నేల మీద కూర్చుంది.

ముసలాయన తుడుచుకుంటూ లోపలికి వచ్చి, "ఎందుకాగిందో తెలిసిందా బాబూ?" అని అడిగాడు.

"ప్లగ్గులో మసి పట్టింది పెద్దయ్యా. పాత మోటార్లకి మామూలే" అన్నాను. అబద్ధం కాదు. అంతకంటే ఆయనకి అప్పుడు అక్కర్లేదు కూడా. "అయితే ఆడి తప్పు నేదు" అని ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు.

తర్వాత ఆయన కోరిక మేరకు ఒక పొద్దున నేను మోటారు తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. రిజర్వాయరు ఒడ్డున పడవలు లాగి ఉన్నాయి. వల చిక్కులు తీసుకుంటున్న వాళ్ళు నలుగురైదుగురు లేచి వచ్చారు. అదే పడవకి మోటారు బిగించి, ప్లగ్గు ఎక్కడుంటుందో, దాన్ని అందుకోవాలంటే ఎంత వంగాలో చేసి చూపించాను. ఒడ్డున కట్టేసి ఉన్న పడవే అటూ ఇటూ ఒరిగింది. నేనే ఒకసారి తడబడి మోటారుని కావలించుకున్నాను. ఎవరూ నవ్వలేదు.

వాడు ఏమేం విప్పి ఉంచాడో చెప్పాను. వాళ్ళలో పెద్దవాడు ఒకాయన, "మేం అలాగనుకోనేదు బాబూ, ఎవుడో అన్నాడు" అన్నాడు. పక్కవాడు కూడా, "మంచోడు, మా బాగా పని నేర్సినాడు" అన్నాడు. తాగాడన్న మాట మొదట ఎవరన్నారో ఎవరికీ తెలీదు. ముసలాయన వాళ్ళతో వాదించలేదు. వింటూ నిలబడి, చివర్లో, "అదీ సంగతి" అని ఒడ్డున రాయి మీద కూర్చుండిపోయాడు. నేను అనుకున్నంత తేలికపడలేదు ఆయన. కొడుకు మీద పడిన మాట పోయింది. కొడుకు రాలేదు. ఆ మాటతో పోట్లాడుతున్నన్నాళ్ళూ ఆయనకి ఒక పని ఉంది. ఆ పొద్దున అది కూడా అయిపోయింది.

పడవని కొంచెం దూరం నడిపి చూశాను. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అవతల కొండలు నీళ్ళలో కనిపిస్తున్నాయి. సరైన లెక్కలో కలిపిన పెట్రోలుకి మోటారు పొగ లేకుండా, ఎక్కడా దగ్గకుండా నడిచింది. అంత బాగా నడుస్తుంటే నాకు వినబుద్ధి కాలేదు. వెనక్కి తిప్పేశాను.

ఇంట్లో దాన్ని ఉంచుకోలేమన్నారు. నా షెడ్డులోనే పెట్టి, వచ్చిన వాళ్ళకి చూపించి, చివరికి సముద్రం వైపు మనుషులకి ఇచ్చేశాను. వాళ్ళు తీసుకెళ్ళే రోజు కబురు పెడితే ఆవిడ ఒక్కతే వచ్చింది. కొన్నవాళ్ళ కోసం డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేసి చూపిస్తుంటే గుమ్మం దగ్గరే నిలబడింది. కాసేపు విని, "సాలు అన్నయ్యా, ఆపీండి" అంది. ఆపేశాను. వాళ్ళు దాన్ని ఆటోలో ఎక్కిస్తుంటే ఆవిడ దగ్గరికి వెళ్ళి, కొన్న అతనితో, "ఆయిలు మూత లెక్కే ఎయ్యండి బాబూ, ఎక్కువెయ్యకండి" అని చెప్పింది. అతను సరేనమ్మా అని తాడు బిగించడంలో పడిపోయాడు.

ఆ తర్వాత చాలా నెలలు వాళ్ళు కనబడలేదు. ఆవిడ జీడిపిక్కల పనికి వెళ్తోందని విన్నాను. మొన్న వానల్లో బస్సుల కాంప్లెక్స్ బయట షేర్ ఆటోల దగ్గర ఎదురుపడింది. చేతి వేళ్ళు జీడి తగిలి నల్లగా, చర్మం లేచిపోయి ఉన్నాయి. పిల్లలు బాగా చదువుతున్నారా అని అడిగాను. చదువుతున్నారంది. మావగారి భుజం ఎలా ఉందంటే అలాగే ఉందంది.

ఆటో నిండేదాకా అక్కడే నిలబడ్డాం. అప్పుడు ఆవిడే అంది.

"మావకి సెప్పీసినాను అన్నయ్యా. దాసలేకపోనాను."

"ఏమన్నారు?"

"ఏటీ అన్నేదు. అలాగే కూకున్నాడు. మర్నాడు పొద్దున్నే నెగిసి టీ ఆయనే పెట్టినాడు. ముందు నాకే ఇచ్చినాడు." కొంచెం ఆగి, "రోజూ ఆయనే పెడతన్నాడు ఇప్పుడు. నానొద్దన్నా ఇనడు" అంది.

పక్క ఆటో డ్రైవరు కోటవురట్ల, కోటవురట్ల అని ఇంకెవరినో పిలుస్తున్నాడు. ఆవిడ ఆటో అతను బేగి ఎక్కమని తొందరపెట్టాడు. ఆవిడ వెనక సీటులో ఇద్దరు ఆడవాళ్ళ మధ్య సర్దుకుని కూర్చుని, తడవకుండా టిఫిన్ క్యారియరు ఒళ్ళోకి తీసుకుంది. ఆటో కదిలాక నా వైపు చూసి తలాడించింది. వాన పెద్దదైంది. నేను షెడ్డు వైపు నడిచాను.